మొరాయించు గుఱ్ఱము - నడకయు దుముకుడును

మార్కాపురము, గిద్దలూరు, కంభము సీమలవారికి ఎద్దు సంగతి యొకరు చెప్పవలసిన పని లేదు. ఒంగోలు కోడెను కాడికి అలవాటు చేయు విధము మన విద్యార్థులలో ననేకులకు మాకంటె బాగుగ దెలియును. గుఱ్ఱము సంగతి యట్లు గాదు. పెండ్లి యూరేగింపులందు దప్ప గుఱ్ఱమును దగ్గఱనుండి చూచినవారు మనలో కొలదిమందియే. అయినను ఈ సంచికకు గుఱ్ఱపు శిక్షణమును విషయముగా నెన్నుకొంటిమి. మన యున్నత పాఠశాలలలో జదివిన బాలురును బాలికలును నేడు పోలీసు కొలువులలోను, సైన్యములోను ప్రవేశించుచున్నారు. హైదరాబాదునందలి సర్దారు వల్లభభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.యస్. ఉద్యోగులకు గుఱ్ఱపుస్వారి శిక్షణలో నొక భాగము. తిరుపతిలో ఎన్.సి.సి. వారి అశ్వవిభాగము గలదు. కావున మన పిల్లలలో నెవరో యొకరు ఏదో యొకనాడు జీనుపై గూర్చుండి, ఎదుట నొక యడ్డుకఱ్ఱను, దానిని దాటనని నిలిచిపోయిన గుఱ్ఱమును జూచి, తామేమి చేయవలెనో తోచక తికమకపడుట సంభవమే.

అట్టి గుఱ్ఱమును మన వాడుకలో మొండిదందుము. దానిని దారికి దెచ్చు విషయమున రౌతులలో చిరకాలముగ రెండు పక్షములు గలవు. దాటనన్నదానిచేత దాటించుటయే మందు, దినదినమును అడ్డుకఱ్ఱకు దోలి దాటువఱకు విడువరాదు అని యొక పక్షము. అడ్డుకఱ్ఱ మాట యెత్తక నెలలతరబడి చదునునేలపై నడిపింపుడు, గుండ్రముగ త్రిప్పుడు, నిలుపుడు, మరల కదలింపుడు, అది యంతయు కుదిరిన పిమ్మట దుముకుడు దానంతట వచ్చును అని రెండవ పక్షము. మా యభిప్రాయము దాచక చెప్పెదము. పాలు పంచవలసివచ్చిన, నాలుగు పాళ్లలో మూడు పాళ్లు చదునునేలకే చెందవలెను. కాని మిగిలిన యొక పాలు లేకున్నచో ఆ మూడు పాళ్లును చప్పబడిపోవును. ఈ రెంటిని వేర్వేఱు విద్యలుగ దలచుటయే చిక్కంతటికిని మూలమని మేము నమ్ముచున్నాము.

ఇది క్రొత్తమాట గాదు. అమరకోశము వల్లించినవారికి అశ్వగతులు అయిదనియు, వానికి ధారలని పేరనియు, వానిలో కడపటిది ప్లుతమనియు జ్ఞాపకముండును. ప్లుతమనగా దుముకుచు బోవుట. పూర్వులు దుముకుటను వెలివేసి వేఱొక విద్య చేయక, నడకల వరుసలోనే చేర్చి లెక్కించిరి. మన దేశమున గుఱ్ఱమునుగూర్చిన విద్య తక్కువదియు గాదు. తెలుగులోనే మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను గ్రంథమును రచించెను. కాకతీయుల నాటి శాసనములందు అశ్వదళములను జూచు నధికారికి సాహిణి యను పేరు గనబడును. మనకు తూర్పున సముద్రతీరమందలి మోటుపల్లి రేవులో గణపతిదేవ చక్రవర్తి 1244-45లో వేయించిన అభయశాసనమున, గాలివానకు చిక్కి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని యేనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలిమిని గైకొనుచుండిరనియు, తా నట్లు చేయననియు జెప్పియున్నాడు. ఆ శతాబ్దము చివర దక్షిణదేశమునకు వచ్చిన మార్కోపోలో మఱియొక సంగతి వ్రాసెను. పాండ్యదేశమునకు ఏటేట అరబ్బు పారసీక తీరములనుండి వేలకొలది గుఱ్ఱములు దిగుచుండెననియు, వానిని సాకు నేర్పు లేక పెక్కింటిని అచటివారు త్వరలోనే పోగొట్టుకొనుచుండిరనియు ఆతని మాట. తెచ్చుటకు ధనమున్నది గాని ఉంచుకొనుటకు తెలివి లేకపోయెనన్నమాట.

ఇక అసలు పనిలోనికి వత్తము. గుఱ్ఱము అడ్డుకఱ్ఱను దాటునపుడు జరుగునదేమి? గాలిలో నుండుట రెప్పపాటు. దానికి ముందు అది కొన్ని యంగలు దౌడు తీసి వచ్చును. పెద్ద గుఱ్ఱము మెల్లని దౌడులో ఒక్క యంగకు సుమారు 12 అడుగులు సాగును. ఆ యంగలన్నియు నొకే కొలతగా, ఒకే తాళముగా, వంకర లేక వచ్చినయెడల గుఱ్ఱము తగిన చోట వెనుకకాళ్లను కడుపుక్రిందికి దెచ్చుకొని సుళువుగ లేచును. ఒక యంగ పెద్దదియు, ఒక యంగ చిన్నదియు నైనచో అది కఱ్ఱకు మిక్కిలి దగ్గఱనో, మిక్కిలి దూరముననో వచ్చి చిక్కుబడును. అప్పుడు తెలివిగల జంతువు చేయు పని నిలుచుటయే. దుముకుట యనగా దౌడులో నొక పెద్ద యంగ మాత్రమే. దాని ముందరి యంగలును, వెనుకటి యంగలును చదునునేల పనియే.

బరువు సంగతియు నట్లే. నిలిచియున్న గుఱ్ఱపు బరువులో నూటికి సుమారు 60 పాళ్లు ముందుకాళ్లపై బడును. లేవవలెనన్న ఆ బరువును వెనుకకు మార్చుకొనవలెను. దిగునపుడు మొదట నేలనంటు ఒక్క ముందుకాలు క్షణకాలము అంత భారమును మోయవలెను. బరువు నిట్లు ముందు వెనుకలకు మార్చుకొను నేర్పు కొరడాదెబ్బకు వచ్చునది గాదు. దౌడునుండి దుల్కికి, దుల్కినుండి నడకకు, నడకనుండి నిలుకడకు దింపి, మరల నొక్కొక్క మెట్టు ఎక్కించుటచే వచ్చును. దుల్కి యనగా కుడి ముందుకాలును ఎడమ వెనుకకాలును, ఎడమ ముందుకాలును కుడి వెనుకకాలును జతజతగ బడు పరుగునడక. ఈ దింపుట యెక్కించుటలను దినమునకు నలువది యేబది మారులు చేసినను గుఱ్ఱపు కాళ్లకు హాని లేదు. అన్నిసార్లు దుముకించినచో కాళ్లు మిగులవు.

గుండ్రని బాట సంగతి కొంచెము చెప్పవలెను. మనుష్యులలో కుడిచేతివాటము ఎడమచేతివాటము ఉన్నట్లే గుఱ్ఱములలోను ఒకవైపు వాటముండును. ఎడమకు లతవలె వంగునది కుడికి త్రిప్పినపుడు దూలమువలె బిగిసిపోవును. అడ్డుకఱ్ఱయొద్ద ప్రక్కకు దప్పించుకొనిపోవు గుఱ్ఱమును బరికించి చూడుడు. తఱచుగ అది యొక్క వైపునకే పాఱిపోవుచుండును. ఆ తప్పు కఱ్ఱయొద్ద పుట్టినది గాదు. ఎన్నడో గుండ్రని బాటలో పుట్టి, ఎవరును దిద్దనందున నేడు కఱ్ఱయొద్ద బయటపడినది. దానిని కఱ్ఱయొద్దనే కొట్టి దిద్దబూనుట, కూడికలు రాని బాలునిచేత వడ్డీలెక్కలు చేయించి, తప్పినపుడెల్ల దండించుటవంటిది. ఈ వాక్యము చదివి ఉపాధ్యాయులకు వేఱే సంగతి యేదైన స్ఫురించినచో దానికి మేము బాధ్యులము గాము.

మన పక్షమునకు సాక్ష్యము గావలసినవారు ఒలింపిక్కు క్రీడలలోని మూడంచెల గుఱ్ఱపుస్వారి పోటీని జూడవచ్చును. ఒకే రౌతు, ఒకే గుఱ్ఱము. మొదటి పరీక్ష చదునునేలపై నడకలు, వలయములు, నిలుకడలు. రెండవది మైదానములలో దుంగలు, గుంటలు, నీటిమడుగులు దాటుట. మూడవది పందిటి కఱ్ఱలవంటి, తగిలిన పడిపోవు అడ్డులను దాటుట. ఒకదానిలో నేర్పరియై వేఱొకదానిలో మొద్దైనవారికి అందు గెలుపు లేదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ పోటీయందు రఘువీరసింగు స్వర్ణపతకము గెలిచెను, జట్టునకును స్వర్ణమే వచ్చెను. 2018లో జకార్తాలో ఫవాద్ మిర్జా రజతము గెలిచెను. టోక్యో ఒలింపిక్కులలో, అనగా 2021లో, ఆయన తుదిపోటీ వఱకు సాగి 23వ స్థానమున నిలిచెను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలందు మన జట్టునకు స్వర్ణము దెచ్చినది చదునునేల విద్యయే. అందు ఒక్క యడ్డుకఱ్ఱయు లేదు.

ఇంతవఱకు చెప్పినది గుఱ్ఱము చేయగలిగియు చేయని పనినిగూర్చి. చేయలేక చేయని పని వేఱు. ఈ భేదము తెలియనివారే దానిని మొండిదందురు. నిలిచిపోయిన గుఱ్ఱమును జూచినపుడు మొదట దాని శరీరమును వెదకవలెను. జీను వీపునెక్కడైన ఒత్తుచున్నదా? లాడపుమేకు గుచ్చుకొన్నదా? కాలి నరము వేడిగనున్నదా? నోటిలో నేమున్నది? గుఱ్ఱపు దవడపండ్లు చాల యేండ్లవఱకు పెరుగుచునేయుండును. మేతలో సమముగ నరుగక అంచులు వాడియై చెక్కిళ్లలోపలి చర్మమును గోయును. అట్టి నోట కళ్లెము లాగినప్పుడెల్ల బాధయే. ఏడాదికొకమారు పశువైద్యునికి జూపి అంచులు అరగదీయింపవలెను. వయస్సును జూడవలెను. గుఱ్ఱపు వెన్నెముక యెదుగుదల అయిదాఱేండ్లు నిండినగాని పూర్తి గాదు. మూడేండ్ల పిల్లచే మూడడుగుల కఱ్ఱను దాటించితినని గర్వించువాడు దాని ముందటి పదేండ్లను ఖర్చుపెట్టుచున్నాడు.

పిమ్మట దాని కన్నును జూడవలెను. గుఱ్ఱమునకు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే దాదాపు చుట్టును గనబడును గాని నుదుటికి నేరెదుటనున్న కొంచెము చోటును, తోకవెనుక చోటును గనబడవు. లేచు క్షణమున కఱ్ఱ ఆ చీకటిచోటునకు వచ్చును. అనగా అంతకుముందు చూచినదానిని, పైనున్న మనుష్యుని నమ్మి అది లేవవలెను. రంగులలో దానికి నీలమును, పసుపును దెలియును గాని ఎఱుపునకును ఆకుపచ్చకును భేదము దెలియదు. బ్రిటనునందు అడ్డులు దాటు పందెములలో కఱ్ఱలకు చాలకాలము నారింజరంగు వేయుచుండిరి. ఆ రంగు మన కన్నులకు కొట్టవచ్చినట్లుండును గాని గుఱ్ఱపు కన్నులకు పచ్చికలో గలిసిపోవునని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారు పరిశోధించి తెల్పిన పిమ్మట, 2022 నుండి తెల్లరంగు వేయ మొదలిడిరి. చూచుకొనక తగిలినదని అంతకాలము గుఱ్ఱముమీద నెన్ని నిందలు పడెనో!

అటుపిమ్మట చూడవలసినది రౌతును. పందొమ్మిదవ శతాబ్దపు రౌతులు దుముకునపుడు వెనుకకు వాలి, కళ్లెమును బట్టుకొని వ్రేలాడుచుండిరి. గుఱ్ఱము లేచినపుడు నోట నొక తాకుడు, దిగినపుడు వీపున నొక తాకుడు. దాటినందుకు దానికి దొరకు బహుమాన మిది. ఇటలీ అశ్వసైన్యములోని ఫెడెరికో కాప్రిల్లి (1868-1907) ఈ పద్ధతిని తలక్రిందు చేసెను. ఆయన ముందుకు వంగి, చేతులను గుఱ్ఱపు మెడతోపాటు సాగనిచ్చి, దాని వీపును వదలివేసెను. 1902లో టురిను నగరమున మెలోపో యను గుఱ్ఱముపై 2 మీటర్ల 8 సెంటీమీటర్ల యెత్తు దాటెను. నేడు లోకమంతట దుముకు రౌతులు కూర్చుండు తీరు ఆయన నేర్పినదే. మెడలు వంచి, బిగించి, గంటలకొలది వలయములు త్రిప్పు పాతకాలపు సాధనను ఆయన మెచ్చలేదు. గుఱ్ఱమును దాని సహజపు నడకలో ఆరుబయట సాధింపవలెనని ఆయన పట్టు. మేము ఆయన మాటను సగమొప్పుకొందుము. బిగించిన వలయము శిక్షణము గాదు, సంకెల. కాని వదులు వాగెలతో, ముందుకు సాగు నడకతో చేయు వలయమును ఆ నిందలో గలుపరాదు.

ఆయనకు రెండువేల యేండ్లకు పైగా పూర్వము గ్రీకు సేనాని జెనొఫోను స్వారినిగూర్చి వ్రాసిన చిన్న గ్రంథములో, దుముక నేర్వని గుఱ్ఱమును వదులుపగ్గముతో బట్టుకొని, తాను ముందు గుంట దాటి, దానిని పిలువవలెనని చెప్పియున్నాడు. పైనెక్కి తోలుట తరువాతి మాట. కోపముతో గుఱ్ఱముచెంతకు బోరాదని కూడ ఆతని శాసనము. ఆ గ్రంథమునకు పిమ్మట గుఱ్ఱపువిద్యపై ఎన్ని వచ్చినను ఈ రెండు మాటలను కాదన్నది లేదని మా నమ్మకము.

చదునునేలకును దుముకుడునకును నడుమ వంతెనవంటిది నేలపై పరచిన కఱ్ఱల వరుస. దీనిని గూర్చి కొంత వివరముగ వ్రాయుట యుక్తము. ఏలయన మొరాయించు గుఱ్ఱమునకు దీనిని మించిన వైద్యము మాకు గానరాదు. నాలుగు కఱ్ఱలను ఒకదానికొకటి నాలుగున్నర యడుగుల యెడముగ నేలపై పరువవలెను. గుఱ్ఱము పొట్టిదైన ఆ యెడమును కొంచెము తగ్గింపవలెను. వెదుళ్లు పనికిరావు. అవి తేలికయై కాలిక్రింద దొర్లును, గుఱ్ఱపు మడమ బెణకును. మన తూర్పుతీరమున సమృద్ధిగ దొరకు సరుగుడులో లావైనవి తెచ్చి, దొర్లకుండ ఇరుకొనలను మన్నుతో నొత్తిన చాలును. మొదటిదినము ఒక్క కఱ్ఱపై గుఱ్ఱమును చేతితో నడిపించి దాటింపవలెను. పిమ్మట రెండు, పిమ్మట నాలుగు. పైనెక్కి నడకతో, అటుపిమ్మట దుల్కితో. గుఱ్ఱము తల దించి, కఱ్ఱలను జూచుకొని, కాళ్లు పైకెత్తి, తాళము తప్పక దాటుట మొదలిడినపుడు అది దుముకుట నేర్చుకొనుచున్నదని తానెఱుగదు. పైనున్నవాడు కూడ చాలసార్లెఱుగడు.

కొన్ని వారములకు ఈ పని తేలికయైన పిమ్మట, కడపటి కఱ్ఱకు తొమ్మిదడుగుల యవతల రెండు కఱ్ఱలను గుణకారపు గుర్తువలె ఏటవాలుగ నిలుపవలెను. నడుమ నెత్తు అడుగున్నర మించరాదు. నేలకఱ్ఱల వరుస గుఱ్ఱమును సరియైన చోటునకు దానంతట దెచ్చివిడుచును గనుక రౌతు కళ్లెముతో సవరింపవలసిన పని లేదు. ఆతడు చేయవలసినదెల్ల అడ్డుపడకుండుటయే, ఇదియే మిక్కిలి కష్టము. ఎత్తు పెంచుట తొందరపనికాదు. తెలిసిన యెత్తున ఆకారమును మార్చుచుండవలెను. ఒకనాడు దుంగ, ఒకనాడు గడ్డిమోపు, ఒకనాడు గోనెసంచులు గప్పిన కఱ్ఱ. గుఱ్ఱము ఎత్తునకంటె ఎఱుగనిదానికే యెక్కువ బెదరును.

వారపు పనిని మే మిట్లు పంచుదుము. ఒక దినము, మించినచో రెండు దినములు దుముకుడు; అదియు దినమునకు పదునైదు ఇరువది దాటులకు మించరాదు. రెండు దినములు ఆరుబయట నడక. తక్కిన దినములు చదునునేల, అందును నేలకఱ్ఱలు. ఏడవ దినము విశ్రాంతి. ఇది వేదవాక్యము గాదు. చెవులు వెనుకకు వ్రేలవైచి, తోక విదలించుచు వచ్చు గుఱ్ఱమును పంచాంగముప్రకారము దుముకించువాడు రౌతు గాడు, గుమాస్తా.

ఇంతవఱకు చదివినవారు మేము రెండవ పక్షమున బొత్తిగ జేరిపోయితిమని తలపవచ్చును. లేదు. చదునునేలయందే మొరాయించు గుఱ్ఱములు గలవు, వానిని మఱింత చదునునేల బాగుచేయలేదు. వలయము మొదలిడగనే మెడ బిగించి, అడుగులు ఈడ్చుకొనుచు, మడమ తాకినను కదలనివి అవి. వానిని సోమరులని మఱి యిరువది వలయములు త్రిప్పుదురు. అది వలయమును ద్వేషింప నేర్చుకొనును. అట్టిదానికి దారిలో నొక చిన్న దుంగను జూపి చూడుడు. తల నిక్కించును, చెవులు ముందుకు సాచును, అడుగు తేలికపడును. దాటిన పిమ్మట అయిదు నిమిషముల వఱకు ఆ యడుగు అట్లేయుండును. తెలివిగల శిక్షకుడు ఆ అయిదు నిమిషములలో తనకు గావలసిన వలయమును చేయించి, వెంటనే చాలించును. పది దినములుగ రానిది ఆ నాడు వచ్చును. పని యెందులకో గుఱ్ఱమునకు దెలిసిన పిమ్మట పని మాఱిపోవును. ఇది దుముకుడు చదునునేలకు తీర్చు ఋణము. ఒకటి లేనిదే రెండవది చప్పబడునని మొదట మేమన్నది ఇందులకే.

ఈ మాటను మన రైతులు వింతగ వినరు. తిరునాళ్లలో బండలాగుడు పందెములకు ఎద్దులను సిద్ధపఱచు నేర్పరి పందెపుబండను దినదినము కట్టడు. దుక్కిచేలలో నడిపించును, తేలిక బరువు కట్టును, బండను అప్పుడప్పుడు జూపును. ప్రతిదినము పూర్తి బరువు లాగిన కోడె పందెమునాటికి కాడి పారవైచును. బొత్తిగ బండ చూడని కోడె పందెపునాడు దానిని జూచి నిలిచిపోవును. గుఱ్ఱమునకు చెప్పిన లెక్కయే ఎద్దునకును సరిపోవుచున్నది. ములుకోలతో లాగించు ఎద్దు ఒక పందెము గెలిచిన గెలువవచ్చును. ఆ పిమ్మటి తిరునాళ్లలో దానిని జూడము.

మన సీమలో నెవరైన గుఱ్ఱమును సాధింపబూనినచో నేలను గూర్చి రెండు మాటలు. మార్కాపురము చుట్టుపట్ల పలకల గనులనుండి తీసిన రాతిముక్కలు బాటలప్రక్కల పడియుండును. ఆ వాడి యంచులు గిట్టను గోయును. అట్టి చోట దుల్కియు దగదు. ఏటి యిసుక మెత్తనిదని కొందఱు గుండ్లకమ్మ యిసుకలో దౌడు తీయింపజూతురు. లోతైన యిసుక కాలినరములను సాగదీయును, నడకకు మాత్రమే అది మేలు. వానకు తడిసి సగమారిన యెఱ్ఱమట్టిచేను అన్నిటికంటె శ్రేష్ఠము. వేసవిలో గట్టిపడిన నేలను గుంటకతో గుల్ల చేయకుండ దుముకింపరాదు. ఏప్రిలు, మే నెలలలో తెల్లవాఱుజామున ఎండ పొడచూపకముందే పని ముగియవలెను. ఆ నెలలలో మధ్యాహ్నము మొరాయించు గుఱ్ఱము మొండిది గాదు, దానికి బుద్ధియున్నది.

మొండిదన్న మాటను మే మింతగ నేల పట్టుకొంటిమో చెప్పెదము. ఒక గుఱ్ఱమునకు ఆ పేరు వచ్చినచో ధర పడిపోవును. కొన్నవాడు నెలకో రెండు నెలలకో అమ్మివేయును. చేయి మాఱినకొలది కళ్లెము కఠినమగును, మేత తగ్గును, బరువు పెరుగును. కడకు ఇటుకబట్టీల బండికిందనో, డప్పుల మోతలో వెనుకకాళ్లపై నిలువబెట్టి యాడించువారి చేతిలోనో దాని బ్రతుకు ముగియును. దాని యంగలు లెక్కించి, వలయములో వంకరను దిద్దినవాడు మొదటి నెలలోనే యొకడున్నచో ఆ పేరే రాకపోవును.

రౌతునకును ప్రమాదము తక్కువ గాదు. సూపర్‌మ్యాను వేషము ధరించి లోకప్రసిద్ధుడైన నటుడు క్రిస్టఫరు రీవు 1995 మే 27న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున నొక పోటీలో, సుమారు మూడడుగుల యడ్డు ముందర గుఱ్ఱము హఠాత్తుగ నిలువగా ముందుకు విసరివేయబడి, మెడయెముకలు విఱిగి, 2004లో మరణించువఱకు మెడక్రింద చలనము లేక బ్రతికెను. ఆయన శిక్షణ లేనివాడు గాడు. కావున మన పిల్లలు గుఱ్ఱమెక్కునపుడు తలకు శిరస్త్రాణము లేక యెక్కరాదు, ప్రక్కన నేర్చినవాడొకడు లేక అడ్డుకఱ్ఱవైపు త్రిప్పరాదు అని తల్లిదండ్రులు గట్టిగ ననుటలో తప్పు లేదు. అసలు ఎక్కనే రాదనుట మాత్రము మాకు సమ్మతము గాదు.

నేలకఱ్ఱల వరుసయు, చిన్న యేటవాలు కఱ్ఱయు సిద్ధముగ నున్నవనుకొందము. ఎన్నడును దాటని గుఱ్ఱము మొదటిసారి నిలిచినది. కొట్టకుడు, వెనుకకు త్రిప్పి దూరముగ దీసికొనిపోకుడు. అచటనే నిలువనిచ్చి, వాసన చూడనిచ్చి, కఱ్ఱను ఇంకొక జానెడు దింపించుడు. నెమ్మదిగ నొక వలయము త్రిప్పి, దుల్కి తాళము కుదిరిన పిమ్మట మరల దెండు. రెండవసారి అది గాభరాగ, కావలసినదానికి రెండింతల యెత్తు ఎగిరి దాటవచ్చును. అప్పుడు వాగెలు లాగక, మెడమీది జూలు పట్టుకొనుడు. మూడవసారి తీరికగ దాటును. నాలుగవసారి అక్కఱలేదు. వెంటనే దిగి, జీనుపట్టీ రెండు రంధ్రములు వదులు చేసి, పగ్గము చేతబట్టి నడిపించుకొని పోవుడు. దారిలో ఆగి మేయదలచినచో మేయనిండు.